ఇంటి ముందు తోట వేయించాలంటే ఎంత అడుగుతారు, ఎంత ఇవ్వాలి

గృహప్రవేశానికి ఇరవై రోజులుందనగా ఇంటి ముందున్న ఖాళీ జాగా గుర్తొస్తుంది. అప్పటిదాకా అక్కడ ఇసుక కుప్ప, సెంట్రింగ్ చెక్కలు పడి ఉంటాయి. చుట్టాలొచ్చేసరికి పచ్చగా కనబడాలి కదా అని ఎవరినో ఒకరిని పిలుస్తాం. మన తొందర కాంట్రాక్టరుకి మొహం చూడగానే తెలిసిపోతుంది.

మా ఇంట్లోనూ అదే జరిగింది. హైదరాబాద్ శివార్లలో 300 గజాల ప్లాటు, ముందు వైపు 20 అడుగులకు 25 అడుగుల జాగా. వచ్చినాయన టేపు కూడా తీయలేదు. గేటు దగ్గర నిలబడి చుట్టూ ఒకసారి చూసి, “అంతా కలిపి చదరపు అడుగుకి నూట ఇరవై ఇచ్చేయండి సార్, వారంలో పచ్చగా చేసిస్తా” అన్నాడు. అంటే 60 వేలు. ఇచ్చాం. వారంలో పచ్చగానే చేశాడు, అందులో అబద్ధం లేదు. ఏడాది తిరక్కముందే గడ్డి మచ్చలు మచ్చలుగా పసుపెక్కింది. నీళ్ళు చాలట్లేదనుకుని పొద్దునా సాయంత్రం పట్టాం. చివరికి పక్క వీధిలో పనిచేసే మాలి వచ్చి గడ్డపారతో ఒక పోటు పొడిచాడు. రెండంగుళాలు దిగి ఠంగుమంది. పైన ఎర్రమట్టి, దాని కింద టైల్స్ ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు ముద్దలు, చినిగిపోయిన సిమెంటు సంచి. “నీళ్ళు తక్కువై కాదు సార్, కింద మట్టే లేదు” అన్నాడు.

మొత్తం తీసేసి మళ్ళీ చేయించాం. ఇదంతా ఆ రెండోసారి నేర్చుకున్నదే. రేట్లన్నీ హైదరాబాద్ చుట్టుపక్కల నర్సరీలవాళ్ళు, చిన్న కాంట్రాక్టర్లు చెప్పిన అంచనాలు. మీ ఊళ్ళో పాతిక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. రేటు మారినా లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు టేపు పట్టుకోండి

ఎవరినీ పిలవకముందే జాగా మీరే కొలవండి. మనకు గజాల్లో ఆలోచించే అలవాటు, తోటపని వాళ్ళు చదరపు అడుగుల్లో చెబుతారు. గజానికి 9 చదరపు అడుగులు. అడుగుకి 120 అంటే గజానికి 1,080 రూపాయలన్నమాట. అలా విన్నప్పుడు గానీ అది ఎంతో మనకు అర్థం కాదు.

కొలిచాక కాగితం మీద మూడు ముక్కలుగా విడగొట్టండి. గడ్డి ఎంత, మొక్కల మడులు ఎంత, నడిచే బండలు ఎంత. ఈ మూడింటికీ ఒకే రేటు ఉండదు. అందుకే ‘అంతా కలిపి అడుగుకింత’ అన్నప్పుడు ఎందులో ఎంత వేశాడో మనకు తెలియదు. మా 500 అడుగుల్లో గడ్డికి 250, మడులకు 170, బండలకు 80 వచ్చాయి.

ఆ కాగితం మీదే ఎండ కూడా రాయండి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, నాలుగింటికి బయటికొచ్చి ఎక్కడ నీడ పడుతోందో గీయండి. రోజుకి ఐదారు గంటల ఎండ తగలని చోట మెక్సికన్ గడ్డి వేయించడం డబ్బు పోసి నాచు పెంచుకోవడమే.

డ్రాయింగ్ కోసం డిజైనర్ కావాలా అంటే, ఐదారు వందల అడుగులకు అక్కర్లేదు. చిన్న జాగాకి 3 నుంచి 10 వేల దాకా అడుగుతారు. పని వాళ్ళకే ఇస్తే చాలామంది దాన్ని బిల్లులో తగ్గిస్తారు, తగ్గిస్తారో లేదో ముందే అడగండి. పావు ఎకరం దాటితే మాత్రం డిజైనర్‌కిచ్చే డబ్బు వృథా కాదు.

పార్కింగ్ టైల్స్ వేయకముందే

ఈ ఒక్క సంగతి ఇల్లు కడుతున్నవాళ్ళకి ఎవరూ చెప్పరు. తోటకి నీళ్ళ పైపు, కరెంటు వైరు వెళ్ళాల్సిన చోట పార్కింగ్ కింద రెండు ఖాళీ పీవీసీ పైపులు అడ్డంగా పడేసి పెట్టండి. అప్పుడు దానికయ్యేది కొన్ని వందలు. టైల్స్ వేశాక అదే పనికి పగలగొట్టాలి, మళ్ళీ వేయాలి, పైగా ఆ రంగు టైల్ అప్పటికి దొరకదు.

జేసీబీ సంగతి కూడా అంతే. గేటు, ముందు గోడ లేచాక జేసీబీ లోపలికి రాదు. గంటకి 1,200 నుంచి 1,500తో అయిపోయే చెత్త ఎత్తుడు, తర్వాత కూలీల చేత మూడు రోజుల పని అవుతుంది. మేం ఆ మూడు రోజులూ కట్టాం.

జాగాలో పాత చెట్టుంటే, కొట్టేయడానికి కాంట్రాక్టరు ‘చూసుకుంటా’ అన్నంత మాత్రాన సరిపోదు. రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. అది ఎవరు తెస్తారో ముందే తేల్చుకోండి. వేప, కానుగ లాంటివైతే అసలు కొట్టకుండానే డిజైన్ చేయమనండి. ఆ నీడ డబ్బుకి దొరికేది కాదు.

అసలు ఖర్చు మట్టిది

కొటేషన్‌లో ‘ఎర్రమట్టి, ఎరువు’ అని ఒక్క లైను ఉంటుంది. లోతు ఉండదు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఎన్ని అంగుళాలు?

గడ్డికి కనీసం 9 అంగుళాలు, మడులకు అడుగున్నర దొరికితే మంచిది. మేం సగటున అడుగు పెట్టుకున్నాం. లెక్క తేలికే. 420 చదరపు అడుగులు, అడుగు లోతు, అంటే 420 ఘనపుటడుగులు. కొత్త మట్టి నీళ్ళు తగలగానే కుంగుతుంది కాబట్టి ఐదో వంతు కలుపుకుంటే దాదాపు 500. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 100 ఘనపుటడుగులు పడుతుంది. నాలుగు ట్రాలీల మట్టి, ఒక ట్రాలీ ఎరువు. ఈ లెక్క నోట్లో ఉంటే చాలు, రెండు ట్రాలీలు తెచ్చి నాలుగని చెప్పేవాళ్ళు మీ జోలికి రారు. ట్రాలీ నిండుగా ఉందో, పక్కల దాకా వచ్చి మధ్యలో గుంత ఉందో టైరెక్కి చూడండి. మొహమాటపడకండి.

మట్టి ఎక్కడిదో కూడా అడగాలి. చెరువు పక్క తవ్వి తెచ్చిన మట్టయితే దాంతోపాటు తుంగ వస్తుంది. తుంగ అంటే పైన కనబడే మూడు పలకల కాడ ఒక్కటే అయితే పీకేయొచ్చు. కింద నల్లటి చిన్న గడ్డలుంటాయి, ఒకదానికొకటి దారం కట్టినట్టు. పైన పీకితే దారం తెగుతుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది, పది రోజుల్లో మళ్ళీ లేస్తుంది. కొత్త లాన్‌లో తుంగ పడితే ఏరడానికి మాలికిచ్చే కూలి ఆ గడ్డి ఖరీదును దాటిపోతుంది. ట్రాలీ దించేముందు ఒక చేటెడు మట్టి తీసి నలిపి చూడండి. శనగగింజంత నల్లటి గడ్డలు తగిలితే వెనక్కి పంపేయండి.

ఎరువు బాగా చివికినదై ఉండాలి. చేతిలోకి తీసుకుంటే వేడి, పేడ వాసన ఉండకూడదు. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు పిలవకుండానే వస్తాయి. దానికి తోడు 50 కిలోల వేపపిండి కలపండి.

మాకైన లెక్క ఇది. కూలీలు ఇద్దరు, మూడు రోజులు, మనిషికి రోజుకి 900 చొప్పున 5,400. చెత్త పారబోయడానికి నాలుగు ట్రిప్పులు 6,000. మట్టి ట్రాలీ 3,000 చొప్పున 12,000, ఎరువు 4,000, వేపపిండి 1,800. మొత్తం 29,200. ఒక్క మొక్క కూడా నాటకముందు.

గడ్డి పరిచేముందు రోజు మూడడుగుల ఇనుప చువ్వ ఒకటి పట్టుకుని జాగా అంతా నాలుగైదు చోట్ల గుచ్చండి. ముఖ్యంగా గోడ మూలల్లో, ఎందుకంటే చెత్త దాచే చోటు అదే. అడుగు దాకా దిగాలి. ఎక్కడైనా ఠంగుమంటే అక్కడ తవ్వించి గానీ గడ్డి దించనివ్వకండి.

మొక్కల ధర పేరును బట్టి ఉండదు

‘ఫాక్స్‌టెయిల్ పామ్ – 2’ అని రాసిచ్చిన కొటేషన్‌కి విలువ లేదు. అదే పామ్ రెండడుగులది 300కి దొరుకుతుంది, పన్నెండడుగులది వేలల్లో ఉంటుంది. మొక్క ఎత్తు, కవర్ సైజు రెండూ రాయించండి. ‘6 అడుగులు, 18×18 అంగుళాల బ్యాగు’ అలా. ఎత్తు ఒక్కటే రాస్తే చిన్న కవర్లో సన్నగా సాగిపోయిన మొక్క తెస్తారు. కవర్ పెద్దదైతే వేరు కూడా పెరిగి ఉంటుంది, మనం డబ్బిచ్చేది దానికే.

తూర్పు గోదావరి జిల్లా కడియం పేరు వినే ఉంటారు. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నర్సరీలే. హైదరాబాద్ రోడ్డు పక్క నర్సరీల్లో కనబడే మొక్కల్లో చాలావరకు అక్కణ్ణుంచి లారీల్లో వచ్చినవే. మరి నేరుగా అక్కడికే వెళ్ళి కొంటే మిగులుతుందా? నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక వ్యాన్ నింపితే మిగులుతుంది. ఒక్క ఇంటికి అరవై మొక్కల కోసం నాలుగు వందల కిలోమీటర్ల కిరాయి కట్టుకుంటే ఇక్కడి ధరకే వచ్చి పడతాయి. చూడ్డానికి మాత్రం ఒకసారి వెళ్ళండి, డిసెంబర్, జనవరిలో అయితే కళ్ళు చాలవు.

కడియం మొక్క వేరు చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో అది ఎండి ఇటుకలా అవుతుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో పెడితే పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతూ ఉంటుంది. నాటేముందు కవర్‌తో సహా బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, ఆ తర్వాత కవర్ కోయమనండి. మొక్కకి పది నిమిషాలు పడుతుంది. మాలి విసుక్కుంటాడు, టీ తెప్పించండి.

మేం పెట్టినవి: ఆరడుగుల ఫాక్స్‌టెయిల్ పామ్‌లు రెండు 3,600, దేవగన్నేరు ఒకటి 1,500, మామిడి అంటు 250, పారిజాతం 150, నందివర్ధనం, నూరువరహాలు, మందార లాంటివి నలభై, ఒక్కోటి 60 చొప్పున 2,400, అంచుకి చిన్న మొక్కలు 120, పాతిక రూపాయల చొప్పున 3,000. మొత్తం 10,900. కరివేపాకు, మల్లె పక్కింటి అత్తయ్యగారు ఇచ్చారు.

గోడ వెంబడి త్వరగా పచ్చటి పరదా కావాలంటే కాంట్రాక్టర్లు కోనోకార్పస్ చెబుతారు. చవక, ఆర్నెల్లలో గోడ దాటుతుంది. దాని వేర్లు పైపుల్లోకి, కేబుళ్ళలోకి దూరతాయని, ఇంకా ఇతర కారణాలతో గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. సంపు, డ్రైనేజీ దగ్గరైతే అసలు వద్దు.

గడ్డి

మెక్సికన్ గడ్డి పలకలు విడిగా అడుగుకి 10 నుంచి 18, పరిచి ఇస్తే 25 నుంచి 45. మాకు 32 పడింది, 250 అడుగులకు 8,000. పలకలు లెక్కపెట్టి డబ్బివ్వకండి, పరిచాక కొలిచి ఇవ్వండి. కొందరు చదరంగం బల్లలా మధ్య మధ్య వదిలేసి ‘అదే అల్లుకుంటుంది సార్’ అంటారు. అల్లుకుంటుంది, నిజమే. ఆలోగా ఆ సందుల్లో కలుపు కూడా అల్లుకుంటుంది. సందులతో పరిస్తే రేటు తగ్గాలి.

బెర్ముడా అని పేరు పెట్టి అమ్మేది మన గరిక జాతే, వినాయక చవితికి తెంపుకొచ్చేది. ఎండకీ తొక్కుడుకీ ఓర్చుకుంటుంది. పిల్లలు ఆడే చోటైతే అదే వేయించండి. ప్లాస్టిక్ గడ్డి అడుగుకి 45 నుంచి 90 దాకా ఉంది, బాల్కనీకి సరే. ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పులు లేకుండా దాని మీద ఒకసారి నిలబడి చూసి, ఆ తర్వాత ఆరుబయట వేయించాలో వద్దో అనుకోండి.

నడక దారికి షాబాద్ బండలు, తాండూరు బండలు, మీరు రాయలసీమ వైపైతే బేతంచెర్ల బండలు, వీటిని మించినవి లేవు. పరిచి ఇవ్వడానికి అడుగుకి 60 చొప్పున మాకు 4,800 అయింది. తెల్ల గులకరాళ్ళు ఫోటోల్లో బావుంటాయి. రెండు వానలకి ఎర్రమట్టి చిమ్మి గులాబీ రంగుకి వస్తాయి.

కొటేషన్ ఎలా చదవాలి

కుళాయి పాయింట్, పైపు, మడులకు డ్రిప్ కలిపి 6,500, నాటే కూలి, రవాణా 7,000 వేసుకుంటే మా మొత్తం ఖర్చు 66,400. అడుగుకి 133. మొదటిసారి ఇచ్చిన 60 వేలకీ దీనికీ తేడా ఎంతో చూడండి. ఈసారి అందులో 29,200 భూమిలోకి వెళ్ళింది, మొక్కలకు పోయింది ఆరో వంతే. మొదటాయన దగ్గర ఆ మట్టి డబ్బు ఎటు పోయిందో నాకు ఇప్పుడు తెలుసు.

ఇది మేం దగ్గరుండి, మాలి సాయంతో విడివిడిగా చేయించుకున్న లెక్క. ఇదే పని మొత్తం కాంట్రాక్టరుకి అప్పగిస్తే అతని మనుషులు, తిరుగుడు, లాభం కలిపి ఐదో వంతు వేసుకోవడం న్యాయమే. అంటే 80 వేలకి దగ్గర. అదే జాగాకి ఎవరైనా 40 వేలకే చేస్తానంటే సంతోషపడకండి, ఎన్ని ట్రాలీలని అడగండి.

కనీసం ముగ్గురి దగ్గర తీసుకోండి, ముగ్గురికీ మీ కాగితం మీది కొలతలే ఇవ్వండి. మట్టి లోతు, ట్రాలీల సంఖ్య, మొక్క ఎత్తు, కవర్ సైజు, గడ్డి రకం, చచ్చిన మొక్కకి ఎన్నాళ్ళ దాకా వేరే మొక్క ఇస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. నోటిమాటగా అందరూ మూడు నెలలంటారు.

జీఎస్టీ దగ్గర చిన్న మెలిక ఉంది. నర్సరీలో కొనే మొక్కలకు జీఎస్టీ లేదు. తోట వేసి ఇచ్చే సేవకు 18 శాతం. అంతా ఒకే బిల్లుగా రాస్తే ఆ 18 మొత్తం మీద పడుతుంది. మొక్కలు మీరే నర్సరీలో విడిగా బిల్లు చేయించుకుంటే అంత మేరకు మిగులుతుంది. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వేస్తే కట్టాల్సిన పనిలేదు. ఏడాదికి 20 లక్షల లోపు సేవలు చేసేవాళ్ళకి రిజిస్ట్రేషనే తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు పన్ను వసూలు చేయకూడదు.

డబ్బు మొదట మూడో వంతు మించి ఇవ్వకండి. మట్టి దిగి చువ్వ పరీక్ష అయ్యాక ఇంకో వాయిదా, గడ్డి పరిచాక ఇంకోటి. పది శాతం మాత్రం రెండు నెలలు మీ దగ్గరే ఉంచుకోండి. మొక్క చచ్చేది నాటిన వారంలో కాదు, కవర్లో ఉన్న పాత బలం అయిపోయాక.

ఎప్పుడు పిలవాలంటే, మృగశిర కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక. రోహిణీ కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో గడ్డి పలక వేస్తే ఇక చెప్పేదేముంది. గృహప్రవేశం మే నెలలో ఉంటే గేటు దగ్గర పది కుండీలు అద్దెకు తెచ్చి పెట్టండి, తోట జులైలో వేయించుకోండి.

నెలనెలా అయ్యేది

వారానికోసారి వచ్చే మాలికి మా అంత జాగాకి నెలకి 1,500 నుంచి 2,500. గడ్డి కోయడం, కలుపు, కత్తిరింపు ఇందులోకి వస్తాయి. ఎరువు, పురుగుమందు వేరే. మాట్లాడుకునేటప్పుడే కత్తెర, గడ్డి కోసే మిషన్ ఎవరివో తేల్చుకోండి. మిషన్ అతనిదైతే ఒక వంద ఎక్కువిచ్చినా మనకే లాభం, పాడైతే బాగు చేయించే టెన్షన్ ఉండదు.

నీళ్ళ లెక్క ఎవరూ వేయరు. వేసవిలో లాన్‌కి రోజుకి 5 మిల్లీమీటర్ల వాన పడ్డంత నీరు కావాలి. 250 అడుగులకు అది దాదాపు 115 లీటర్లు, బోరుంటే ఫర్వాలేదు. 1,000 అడుగుల లాన్ అయితే 465 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్ పదకొండు రోజులు కూడా రాదు. మీ వీధిలో మార్చి నుంచే ట్యాంకర్లు తిరుగుతుంటే గడ్డి సగానికి తగ్గించి, మిగతాది కాగితం పూలకీ గన్నేరుకీ వదిలేయండి. కాంట్రాక్టరు ఒప్పుకోడు, గడ్డి పనిలోనే అతనికి త్వరగా డబ్బొస్తుంది. ట్యాంకర్‌కి ఫోన్ చేసేది మాత్రం మీరే.